దినుసును నిర్వచించేది ఎవరు? ఆహార పరిశ్రమలో వర్తక సంఘాల పాత్ర: కరీంనగర్ పసుపు, ఆదిలాబాద్ తపసి జిగురు

వ్యాససంగ్రహం

వర్తక సంఘం అనగానే ధరల నియంత్రణ, పన్నుల మీద విజ్ఞాపనలు, మార్కెట్ బంద్‌లు గుర్తుకు వస్తాయి. ఆహార దినుసుల పరిశ్రమలో అంతకన్నా ముందు జరిగే పని ఒకటి ఉంది. పొలం నుంచో అడవి నుంచో వచ్చిన ఫలసాయాన్ని ఏ కొలతతో కొలవాలి, ఏ పేరుతో పిలవాలి, ఏది మేలురకం, ఏది తిరస్కరించదగినది అన్న నిర్వచనం అది. ఉమ్మడి కరీంనగర్ జిల్లా పసుపును, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా తపసి జిగురును ఉదాహరణలుగా తీసుకొని, ఈ నిర్వచనాధికారం ఎవరి చేతిలో ఉందో, దాని ఫలితం ఉత్పత్తిదారుపై ఎలా పడుతున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వర్తక సంఘం, దినుసు, పసుపు, తపసి జిగురు, నాణ్యతా ప్రమాణం, గిరిజన సహకార సంస్థ, మార్కెట్ యార్డు.

1. ప్రవేశిక

తెలుగులో ‘దినుసు’ అన్న మాట అరబ్బీ-పారసీ మూలమున్న ‘జిన్స్’ నుంచి వచ్చింది. ఆ మూలపదానికి రకం, జాతి, తరగతి అని అర్థాలు. అంటే దినుసు అన్నప్పుడే వర్గీకరణ ఒకటి జరిగిపోయిందన్న సూచన ఆ మాటలో ఉంది. వర్గీకరించినవారు ఎవరన్నది మాత్రం మాటలో కనిపించదు.

పసుపునే తీసుకుంటే, రైతు ఇంట్లో అది దుంప. తల్లిదుంప మండ, దానికి వేళ్లలా పుట్టిన పిల్లదుంప కొమ్ము. నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేరేసరికి అదే కాడి, గోల, చూర అన్న పేర్లతో మూడు సరుకులవుతుంది. ఆహార పరిశ్రమ దగ్గరికి వెళ్లాక అందులోని రంగుపదార్థమైన కర్కుమిన్‌కు ‘ఇ 100’ అన్న సంఖ్య వస్తుంది. దుంప ఒకటే, పేరు మారిన ప్రతిచోటా కొలత మారింది, కొలత మారిన ప్రతిచోటా కొలిచేవాడు మారాడు. ఆహార దినుసుల పరిశ్రమలో వర్తక సంఘాల చరిత్ర చాలామటుకు ఈ కొలతల చరిత్రే.

ఇక్కడ మూడు రకాల సంస్థలను వేరుగా చూడవలసి ఉంది. సభ్యుల చందాతో నడిచే స్వచ్ఛంద వర్తక సంఘం మొదటిది. ప్రభుత్వ ప్రోద్బలంతో ఏర్పడి ఎగుమతిదారులు సభ్యులుగా ఉండే ఎగుమతి ప్రోత్సాహక మండలి రెండవది. చట్టం ద్వారానో ప్రభుత్వ ఉత్తర్వు ద్వారానో ఏర్పడే బోర్డు మూడవది. పత్రికా వ్యాసాలలో ఈ మూడింటినీ ఒకటిగా కలిపి చెప్పడం కనిపిస్తుంది. సభ్యత్వం ఎవరికి ఉన్నదన్న ప్రశ్న దగ్గర ఈ మూడూ విడిపోతాయి.

2. నకరం నుంచి యార్డు వరకు

వర్తకులు సంఘటితం కావడం తెలుగునేలకు కొత్త కాదు. మధ్యయుగ శాసనాలలో ‘నకరం’, ‘పెక్కండ్రు’ వంటి మాటలు వర్తక సమూహాలను సూచిస్తాయి. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి అభయశాసనం సముద్రవ్యాపారులకు రక్షణ ప్రకటిస్తూ, సరుకులవారీగా సుంకాలను పేర్కొంది. వరంగల్లులోని ఖాన్‌సాహెబ్ తోట శాసనంలో వర్తకులు తాము అమ్మే సరుకులపై కొంత సొమ్మును దేవునికి తామే విధించుకున్నారు. సరుకుల జాబితా తయారుచేయడం, ఏ సరుకుపై ఎంత అని తేల్చడం అప్పటికే వర్తక సమూహాల పనులలో భాగమని ఇలాంటి శాసనాలు తెలుపుతున్నాయి.

ఆధునిక కాలంలో ఈ సమూహాలు యార్డు గోడల లోపలికి వచ్చాయి. 1966 నాటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ మార్కెట్ల చట్టం కింద ఏర్పడిన కమిటీలో రైతులకూ వర్తకులకూ స్థానం ఉంది. యార్డులో పనిచేసే వర్గాలు మాత్రం ఇంకా ఎక్కువ. రైతు తరఫున సరుకు పెట్టే అడ్తిదారు, కొనే ఖరీదుదారు, తూకం వేసే దడువాయి, బస్తాలు మోసే హమాలీ, రాలిన సరుకును ఎత్తి చెరిగే చాటకూలీ ఎవరికి వారే వేర్వేరు. ఖరీదుదారులు ఒక రోజు కొనుగోలు ఆపితే యార్డు మొత్తం ఆగుతుంది. సరుకు దింపుకొన్న రైతుకు ఆ సౌకర్యం లేదు. బస్తా వెనక్కి తీసుకువెళ్లడమంటే కిరాయి రెండుసార్లు భరించడం.

3. కొమ్మును విరిచి చూడటం

ఉమ్మడి కరీంనగర్‌లో జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాలు పసుపుకు పేరుపడ్డవి. 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణ తర్వాత ఇవి జగిత్యాల జిల్లాలో ఉన్నాయి. ఇక్కడి రైతుకు ప్రధాన మార్కెట్ పొరుగున ఉన్న నిజామాబాద్. మెరుగైన ధర కోసం మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా సరుకు తీసుకువెళ్లేవారూ ఉన్నారు. వానాకాలం మొదట్లో వేసిన విత్తనం ఎనిమిది తొమ్మిది నెలలకు చేతికొస్తుంది. తవ్విన దుంపను ఉడకబెట్టి, రెండు వారాలకు అటుఇటుగా ఎండబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పి, పైపొట్టు రాలగొట్టి మెరుగు పెట్టాలి. పంట పండించడం ఎంత పనో దానిని సరుకుగా మార్చడం అంత పని.

ఇంత శ్రమ తర్వాత యార్డులో కొనుగోలుదారు చేసేది, కొమ్మును చేతిలోకి తీసుకొని విరవడం. విరిగినప్పటి చప్పుడును బట్టి ఎండినదీ లేనిదీ తెలుస్తుంది. విరిగిన ముఖం రంగును బట్టి లోపలి సత్తువ అంచనాకు వస్తుంది. పొడవు, గట్టిదనం, పైమెరుగు కూడా చూస్తాడు. ఇది అనుభవం మీద ఆధారపడిన నైపుణ్యం, దీనిని చులకన చేయనక్కరలేదు. అయితే ఇదే సరుకు పసుపుసారం తీసే కర్మాగారానికి వెళ్లాక లెక్క మారుతుంది. అక్కడ అడిగేది కర్కుమిన్ శాతం, తేమ శాతం, పురుగుమందుల అవశేషాలు, సీసం జాడలు. కొమ్ము పొడవుకు అక్కడ విలువ లేదు; సారం తీసేవారికి గోల అయినా చూర అయినా రంగు ఉంటే చాలు. అంటే మొదటి అమ్మకంలో ఒక కొలత, చివరి అమ్మకంలో వేరొక కొలత. ఈ రెండు కొలతల మధ్య ఉన్న విలువ, రెండవ కొలత చేతిలో ఉన్నవారికి చెందుతుంది.

ఈ రెండవ కొలత ఎక్కడ పుట్టింది? దానిలో గణనీయమైన భాగం వర్తక సంఘాలలో పుట్టింది. 1907లో ఏర్పడిన అమెరికన్ స్పైస్ ట్రేడ్ అసోసియేషన్ దీనికి మంచి ఉదాహరణ. దిగుమతిదారులు, శుద్ధిదారులు అందులో ప్రధాన సభ్యులు. చచ్చిన పురుగులు, జంతువుల విసర్జనలు, బూజు, పురుగు తిన్న భాగం, పరాయి పదార్థం ఒక్కొక్కటీ ఏ మేరకు ఉండవచ్చునో ఆ సంఘం దినుసువారీగా పట్టికలు రూపొందించింది. వాటితోపాటు పరీక్షా పద్ధతులనూ ప్రచురించింది. ఈ సంఘం పలుకుబడి ఎంతటిదో తెలియాలంటే వరంగల్, ఖమ్మం, గుంటూరు మిరప వ్యాపారాన్ని చూస్తే చాలు. ఎండుమిరప రంగును ‘ఆస్టా’ విలువలో చెబుతారు. ఆస్టా అనేది ఆ సంఘం పేరుకు పొట్టి రూపం. ఒక వర్తక సంఘం పేరు కొలమానంగా మారి, సేరు, మణుగుల సరసన చేరింది. చట్టాలు చేసే ఏ శాసనసభకైనా ఇంతటి విజయం అరుదు.

మనదేశంలో 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల ప్రకారం పసుపు పొడిలో రంగుపదార్థమైన కర్కుమినాయిడ్లు 2 శాతానికి తగ్గరాదు, తేమ 10 శాతానికి మించరాదు, లెడ్ క్రోమేట్ పరీక్షలో ఏమీ బయటపడరాదు. చివరి షరతు వెనుక ఉన్న కారణం స్పష్టమే. రంగు చూసి కొనే చోట రంగు అద్దే ప్రలోభం ఉంటుంది. పైమెరుగు పెట్టే దశలో లెడ్ క్రోమేట్ అద్దితే పాతసరుకు కూడా కొత్తగా కనిపిస్తుంది, తిన్నవారి ఒంట్లో సీసం చేరుతుంది. కంటిచూపు కొలత ఎక్కడ విఫలమవుతుందో ఈ ఒక్క విషయం చాలినంతగా తెలుపుతుంది. అంతర్జాతీయ స్థాయిలో కోడెక్స్ సంస్థకు సుగంధద్రవ్యాల కమిటీ ఉంది. దానికి భారతదేశమే ఆతిథ్య దేశం. 2024 జనవరి చివర కొచ్చిలో జరిగిన ఏడవ సమావేశం పసుపుతో సహా ఐదు దినుసుల ప్రమాణాలను ఖరారు చేసింది. కోడెక్స్ సమావేశాలలో ఓటు దేశాలదే అయినా, అంతర్జాతీయ వర్తక సంఘాలకు పరిశీలక హోదాలో మాట్లాడే అవకాశం ఉంటుంది. ముసాయిదాలోని ఒక అంకె దగ్గర, ఒక నిర్వచనం దగ్గర తమ సభ్యుల అనుభవాన్ని పెట్టగలగడమే ఆ హోదా విలువ.

దీనిని కుట్రగా చిత్రించడం సరికాదు. ఒకే దినుసుకు పది దేశాలు పది పరీక్షలు పెడితే నష్టపోయేది చివరికి రైతే. ఉమ్మడి ప్రమాణం వ్యాపారాన్ని సులభతరం చేస్తుంది, కల్తీని పట్టిస్తుంది. సమస్య ప్రమాణంలో లేదు, ప్రమాణం యార్డు దాకా రాకపోవడంలో ఉంది. 2016 ఏప్రిల్ 14న జాతీయ వ్యవసాయ మార్కెట్ (ఇ-నామ్) మొదలైన 21 మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. ఆన్‌లైన్ వేలంతోపాటు నాణ్యతా పరీక్ష కూడా ఆ పథకంలో భాగమే. అయినా కర్కుమిన్ శాతాన్ని బట్టి మొదటి అమ్మకంలోనే ధర పలకడం మామూలు రివాజుగా స్థిరపడలేదు. ఆ రివాజు లేనంతకాలం అధిక కర్కుమిన్ ఉన్న రకాన్ని వేసిన రైతుకూ మామూలు రకం వేసిన రైతుకూ తేడా కంటిచూపు మేరకే. కమ్మర్‌పల్లిలోని పసుపు పరిశోధన కేంద్రం, కోజికోడ్‌లోని భారత సుగంధద్రవ్యాల పరిశోధన సంస్థ రకాల మీద చేసే కృషికి పూర్తి ప్రతిఫలం అందాలంటే ఈ లంకె కుదరాలి.

4. 178 మంది అభ్యర్థులు

పసుపు రైతులకు ఈ విషయం తెలియదనుకోవడం పొరపాటు. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాద్ స్థానం నుంచి మొత్తం 185 మంది పోటీచేయగా, వారిలో 178 మంది రైతులు. పసుపు, ఎర్రజొన్న పండించేవారు. ఆ నియోజకవర్గంలోని ఏడు శాసనసభా స్థానాలలో కోరుట్ల, జగిత్యాల రెండూ ఉమ్మడి కరీంనగర్‌వి. ప్రధానమైన కోరికలు పసుపు బోర్డు, మద్దతు ధర. గెలిచిన అభ్యర్థి బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసి ఇవ్వడం కూడా ఆ ఎన్నికలోని విశేషమే.

వర్తక సంఘం లేని వర్గం బ్యాలెట్‌ను సంఘంగా వాడుకున్న సందర్భం ఇది. సాధారణంగా రైతు ఉద్యమాలు ధరతో మొదలై ధరతో ముగుస్తాయి. ఇక్కడ రైతులు ధరతోపాటు ఒక సంస్థను అడిగారు. అప్పటికి సుగంధద్రవ్యాల బోర్డు లేకపోలేదు. 1986 చట్టంతో ఏర్పడి, 1987 నుంచి కొచ్చి కేంద్రంగా పనిచేస్తున్న ఆ బోర్డు పరిధిలో పసుపూ ఉంది. అయితే యాలకులు, మిరియాలతో సహా 50కి పైగా దినుసులున్న జాబితాలో పసుపు ఒకటి మాత్రమే. పొగాకుకు ఉన్నట్లు పసుపుకు ప్రత్యేక బోర్డు కావాలన్న వాదన వెనుక ఉన్నది ఈ దూరమే.

జాతీయ పసుపు బోర్డు 2023 అక్టోబర్ 4న నోటిఫై అయింది, 2025 జనవరి 14న ప్రారంభమైంది, నిజామాబాద్ ప్రధాన కేంద్రమైంది. అప్పటి ప్రభుత్వ ప్రకటన ప్రకారం ప్రపంచ పసుపు ఉత్పత్తిలో 70 శాతానికి పైగా భారత్‌దే. 2022-23లో దేశంలో 3.24 లక్షల హెక్టార్లలో 11.61 లక్షల టన్నుల పసుపు పండగా, 1.534 లక్షల టన్నులు ఎగుమతయ్యాయి. పండినదానిలో ఏడింట ఒక వంతు కూడా ఎగుమతి కాకపోయినా, ప్రమాణాలు ఎక్కువగా ఎగుమతిదారు భాషలోనే మాట్లాడతాయన్నది ఈ అంకెలలో గమనించదగిన సంగతి.

బోర్డు కూర్పులో కేంద్ర మంత్రిత్వ శాఖలు, వంతులవారీగా మూడు రాష్ట్రాలు, పరిశోధన సంస్థలతోపాటు రైతుల ప్రతినిధులకూ ఎగుమతిదారుల ప్రతినిధులకూ చోటుంది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం చిన్న విషయం కాదు. కానీ ఎగుమతిదారు ప్రతినిధి వెనుక సంఘం ఉంటుంది. ఆ సంఘం వెనుక ప్రయోగశాల నివేదికలు, తిరస్కరణకు గురైన సరుకుల వివరాలు, కొనుగోలు దేశాల నిబంధనల మీద నిరంతర పరిశీలన ఉంటాయి. రైతు ప్రతినిధి వెనుక గ్రామస్థాయి రైతు సంఘాలు, ఉత్పత్తిదారుల సంస్థలు ఉన్నాయి. పరీక్షల సమాచారం వాటి దగ్గర ఏమేరకు పోగవుతుందన్న దానిపైనే ఆ కుర్చీ బరువు ఆధారపడుతుంది. పసుపు కొమ్ము విరిచి చూపించి వాదించే చోటు కాదది.

5. తపసి జిగురు: చెట్టు నుంచి ‘ఇ 416’ దాకా

పసుపు రైతుకు ఓటు సంఖ్యాబలంగా పనిచేసింది. ఆదిలాబాద్ అడవులలో తపసి జిగురు సేకరించే గోండు, కొలాం కుటుంబాల స్థితి వేరు. తపసి చెట్టు రాతినేలల్లో, ఎండు అడవుల్లో పెరుగుతుంది. మానుకు గాటు పెడితే ఊరే జిగురు ఎండి గడ్డకడుతుంది. ఎండాకాలం దీనికి అదను. వాన పడితే జిగురు రంగు మారుతుంది, బెరడు, మట్టి అంటుకుంటాయి. గొడ్డలితో లోతుగా, ఇష్టం వచ్చినట్లు నరికితే చెట్టు చచ్చిపోతుంది. గాటును చిన్నదిగా, నిర్ణీత కొలతలో పెట్టి, గాయం మానే వ్యవధి ఇచ్చే మెరుగైన పద్ధతులలో ఆంధ్రప్రాంతపు గిరిజన గ్రామాలలో విశాఖపట్నానికి చెందిన కోవెల్ ఫౌండేషన్ సేకర్తలకు శిక్షణ ఇచ్చింది.

ఆహార పరిశ్రమలో ఈ జిగురు పేరు కరాయా గమ్, సంఖ్య ‘ఇ 416’. నీటిలో పూర్తిగా కరగదు, ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. ఆ గుణంవల్ల సాస్‌లు, పప్పుగింజల పైపూతలు, చూయింగ్‌గమ్ వంటివాటిలో చిక్కదనానికి, అతుకుదలకు వాడతారు. కట్టుడు పళ్లను అతికించే పొడులలో, విరేచనకారి మందులలో కూడా దీనికి స్థానం ఉంది. పశ్చిమాసియా నుంచి వచ్చే ట్రాగకాంత్ జిగురుకు చౌకైన ప్రత్యామ్నాయంగా ఇది అంతర్జాతీయ మార్కెట్‌లోకి ప్రవేశించింది. ప్రత్యామ్నాయంగా వచ్చినదానికి మరొక ప్రత్యామ్నాయం రావడం పరిశ్రమలో సహజం. గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్, సూక్ష్మజీవులతో తయారయ్యే జాంథన్ గమ్ ఆ పోటీలో ఉన్నాయి.

సేకర్తకు మొదటి కొనుగోలుదారు గిరిజన సహకార సంస్థ. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన ఈ సంస్థ దళారుల దోపిడీకి ప్రత్యామ్నాయంగా వచ్చింది. 1979 నాటి నిబంధన షెడ్యూల్డు ప్రాంతాలలో చిన్నతరహా అటవీ ఫలసాయాల కొనుగోలుపై దానికి గుత్తాధికారం కల్పించింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు వేరు సంస్థ ఏర్పడింది. ఉట్నూరు ఆదిలాబాద్ ప్రాంత కార్యకలాపాలకు కేంద్రం. అటవీ ఫలసాయం కొనడం, నిత్యావసరాలను డిపోల ద్వారా అమ్మడం రెండూ దాని పనులే. కేంద్ర ప్రభుత్వం 2013-14లో చిన్నతరహా అటవీ ఫలసాయాలకు ప్రారంభించిన కనీస మద్దతు ధర పథకపు తొలి జాబితాలోనే తపసి జిగురు ఉంది.

ఇక్కడ కూడా రెండు కొలతల సమస్య ఉంది, పసుపులో కన్నా తీవ్రంగా. డిపోలో జిగురును రంగు, బెరడు ముక్కల పాళ్లను బట్టి తరగతులుగా విడదీస్తారు. తెల్లగా, శుభ్రంగా ఉన్నది మొదటి తరగతి. ఆ బెరడు గిల్లి వేరుచేసే పని చాలావరకు ఇంటి ఆడవారిది, దానికి వేరే కూలి లేదు. పరిశ్రమ అడిగేది రంగు, శుభ్రతతోపాటు స్నిగ్ధత, అంటే నీటిలో ఉబ్బినప్పటి చిక్కదనం. తపసి జిగురు స్వభావమేమంటే, నిల్వ ఉన్నకొద్దీ, ముఖ్యంగా వేడిలో, తేమలో, ఆ చిక్కదనం తగ్గుతుంది. జిగురు వదిలే ఎసిటిక్ ఆమ్లపు పుల్లని వాసన అందరికీ తెలిసినదే. కనుక వేసవిలో సేకరించిన జిగురు వానాకాలమంతా గోదాములో ఉంటే, తరగతి చీటీ మారకుండానే సరుకు మారిపోతుంది. ఆ నష్టం తిరిగి ధరగా సేకర్త మీదికి వచ్చినప్పుడు, కారణం ఆమెకు తెలిసే మార్గం లేదు.

పై అంచెలో ఎగుమతిదారులకు వేదిక ఉంది. కోల్‌కతా కేంద్రంగా పనిచేసే షెఫెక్సిల్ అనే ఎగుమతి ప్రోత్సాహక మండలి లక్కతోపాటు అటవీ ఉత్పత్తులను, జిగురులను చూస్తుంది. ఐరోపాలో మరొక అంచె ఉంది. 2009 జనవరి 20కి ముందు అనుమతి పొందిన ఆహార సంకలితాలన్నిటినీ తిరిగి పరీక్షించాలని ఐరోపా సమాఖ్య 2010లో 257వ సంఖ్య నిబంధన తెచ్చింది. ఆ పరీక్షకు అవసరమైన సమాచారం ఇవ్వవలసింది ఆ పదార్థంపై ఆసక్తి ఉన్న వ్యాపారులే. ఎవరూ ఇవ్వకపోతే పదార్థాన్ని అనుమతుల జాబితా నుంచి తొలగించే వీలుంది. ‘ఇ 416’ ఈ పరీక్షను ఎదుర్కొంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2016లో తన అభిప్రాయాన్ని ప్రచురించింది. ఒక దినుసు మార్కెట్‌లో మిగలాలంటే దాని తరఫున ఎవరో ఒకరు దస్త్రం తయారుచేయాలి. ఆ ఖర్చును ఒక్క వ్యాపారి భరించలేడు కనుక సంఘం అవసరమవుతుంది. ఉట్నూరు చెట్టు భవితవ్యంలో కొంత భాగం ఆ దస్త్రంలో ఉంది.

6. సుడాన్ తుమ్మ జిగురుతో పోలిక

ఇదే కుటుంబానికి చెందిన మరొక దినుసు చరిత్ర ఇక్కడ ఉపయోగపడుతుంది. గమ్ అరబిక్ అనే తుమ్మజాతి జిగురుకు ప్రధాన మూలం సుడాన్. 1997లో అమెరికా సుడాన్‌పై వాణిజ్య ఆంక్షలు విధించినా, శీతల పానీయాల, మిఠాయిల పరిశ్రమలకు అత్యవసరమైన ఈ జిగురుకు మినహాయింపు లభించింది. దిగుమతిదారుల ఒత్తిడి దీని వెనుక ఉంది. మరొక వివాదం నిర్వచనం గురించి. అకేషియా సెనెగల్ చెట్టు జిగురును మాత్రమే గమ్ అరబిక్ అనాలా, అకేషియా సెయల్ జిగురునూ అందులో చేర్చాలా అన్న చర్చ 1990లలో ప్రమాణాల కమిటీలలో చాలాకాలం నడిచింది. 1999లో కోడెక్స్ రెండింటినీ చేర్చిన నిర్వచనాన్ని ఆమోదించింది. ఒక వాక్యంలో మరొక చెట్టు పేరు చేరడంతో, ఆ చెట్టు మీద ఆధారపడిన సేకర్తల సరుకుకు హోదా వచ్చింది. అప్పటిదాకా ప్రత్యేకతను అనుభవించిన సరుకుకు పోటీ వచ్చింది.

తపసి జిగురు విషయంలో అంతటి పెద్ద కొనుగోలుదారులు లేరు కనుక అలాంటి ఒత్తిడినీ ఆశించలేము. సేకర్తల వైపు నుంచి మాత్రం చట్టపరమైన ఆధారం సిద్ధంగా ఉంది. 1996 నాటి పెసా చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయాలపై గ్రామసభకు యాజమాన్యాన్ని గుర్తించింది. 2006 అటవీ హక్కుల చట్టం సేకరణ, వినియోగం, విక్రయ హక్కులను చెప్పింది. 2012లో సవరించిన నియమాలు సేకర్తలు సహకార సంఘాలుగా, సమాఖ్యలుగా ఏర్పడి శుద్ధి, విలువజోడింపు, రవాణా చేసుకోవడాన్ని స్పష్టంగా అనుమతించాయి. గుత్త కొనుగోలు సంస్థే కొనుగోలుదారుగా, అదే సేకర్త ప్రతినిధిగా ఉండే ఏర్పాటుకు ఈ నియమాలతో పొసగడం కష్టం. కొనేవాడి ప్రయోజనం, అమ్మేవాడి ప్రయోజనం ఒక్కటయ్యే సందర్భాలు ఉంటాయి గానీ, అన్నివేళలా ఉండవు.

అలాంటి సమాఖ్య ఒకటి ఉట్నూరు, జైనూరు, తిర్యాణి మండలాలలో ఏర్పడితే మొదట చేయవలసిన పనులు చాలా మామూలువి. సేకరించిన తేదీని బస్తా మీద రాయడం, డిపోలో కొన్నరోజే నమూనా తీసి చిక్కదనం కొలిపించడం, ఆ అంకెను సేకర్త చీటీలో చేర్చడం, గోదాము నుంచి వెళ్లేరోజు మళ్లీ కొలిపించడం. రెండు అంకెల మధ్య తేడా ఎంతో తెలిస్తే, జిగురు చెడింది చెట్టు దగ్గరా గోదాములోనా అన్నది తేలుతుంది.